పదవి ముగిసినా ముగియని హక్కు: రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల పింఛను, బీమా ప్రయోజనాలు

రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగి పదవీ విరమణ చేసినప్పుడు ప్రభుత్వం నుంచి అందాల్సినవి మూడు రకాలు. మొదటిది నెలనెలా వచ్చే పింఛను. రెండోది ఒకేసారి చేతికందే సొమ్ము. గ్రాట్యుటీ, కమ్యుటేషన్, వాడుకోని సెలవుల జీతం, ప్రావిడెంట్ ఫండ్ ఇందులోకి వస్తాయి. మూడోది బీమా. ప్రభుత్వ జీవిత బీమా, గ్రూప్ ఇన్సూరెన్స్, ఆరోగ్య పథకం ఈ కోవలోవి. సర్వీసులో ఉండగానే ఉద్యోగి కన్నుమూస్తే వీటిలో చాలా భాగం కుటుంబానికి చెందుతుంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఈ ప్రయోజనాల మూలం ఒక్కటే. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన 1980 నాటి సవరించిన పింఛను నిబంధనలనే 2014 విభజన తర్వాత రెండు రాష్ట్రాలూ కొనసాగించాయి. ఆ తర్వాత ఎవరి ఉత్తర్వులు వారు ఇచ్చుకోవడంతో విరమణ వయసు, శాతాలు, పరిమితులు కొంత వేరుపడ్డాయి. రాష్ట్రాల తేడా కన్నా ఉద్యోగులను గట్టిగా విడదీసే గీత మరొకటి ఉంది. అది 2004 సెప్టెంబర్ 1. ఆ తేదీకి ముందు ఉద్యోగంలో చేరినవారికి పాత పింఛను వర్తిస్తుంది. ఆ రోజు గానీ, ఆ తర్వాత గానీ చేరినవారికి వర్తించేది కాంట్రిబ్యూటరీ పింఛను పథకం. అందరూ సీపీఎస్ అనేది దీన్నే.

దయ కాదు, హక్కు

ప్రభుత్వం దయతలచి ఇచ్చేది పింఛను అన్న అభిప్రాయం ఒకప్పుడు బలంగా ఉండేది. న్యాయస్థానాలు ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చాయి. దేవకీనందన్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు 1971లోనే పింఛను ఉద్యోగి హక్కు అని, అధికారి విచక్షణపై ఆధారపడిన బహుమానం కాదని తేల్చింది. 1982 డిసెంబర్ 17న డి.ఎస్. నకారా కేసులో ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం మరో అడుగు ముందుకు వేసింది. కేంద్ర ప్రభుత్వం మెరుగైన పింఛను లెక్కను ఒక తేదీ తర్వాత విరమణ చేసినవారికే ఇచ్చి, అంతకు ముందువారిని వదిలేయడం సమానత్వ హక్కుకు విరుద్ధమని తీర్పు చెప్పింది. ఉద్యోగి వయసులో ఉండగా చేసిన సేవకు వృద్ధాప్యంలో అందే ప్రతిఫలమే పింఛను అన్న భావన ఆ తీర్పుతో స్థిరపడింది. ఏటా డిసెంబర్ 17న పింఛనుదారుల దినోత్సవం జరుపుకోవడానికి కారణం ఇదే. 2013లో జార్ఖండ్‌కు చెందిన ఒక కేసులో పింఛను, గ్రాట్యుటీ ఉద్యోగి ఆస్తి అని, చట్టం అనుమతించకుండా కేవలం పరిపాలనా ఆదేశంతో వాటిని ఆపకూడదని కూడా సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

విరమణ ఎప్పుడు

ఉమ్మడి రాష్ట్రంలో చాలాకాలం విరమణ వయసు 58 ఏళ్లు. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం దాన్ని 55కు తగ్గించడంతో వేల మంది ఒక్కసారిగా ఇంటిదారి పట్టారు. తర్వాత అది మళ్లీ 58కి చేరింది. విభజన జరిగిన 2014లోనే ఆంధ్రప్రదేశ్ దాన్ని 60కి పెంచింది, 2022 జనవరి 1 నుంచి 62 చేసింది. తెలంగాణ 2021లో 58 నుంచి 61కి పెంచింది.

ఉద్యోగి పుట్టినరోజు నెలలో ఏ తేదీన ఉన్నా విరమణ ఆ నెల చివరి రోజునే. ఒకటో తేదీన పుట్టినవారికి మాత్రం అంతకు ముందు నెల చివరి రోజున సర్వీసు ముగుస్తుంది. జూలై 1న పుట్టినవారు జూన్ 30న, జూలై 2న పుట్టినవారు జూలై 31న విరమణ చేస్తారు. 20 ఏళ్ల అర్హ సర్వీసు పూర్తయినవారు మూడు నెలల ముందు నోటీసు ఇచ్చి స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకోవచ్చు. రాజీనామా సంగతి పూర్తిగా వేరు. రాజీనామా చేస్తే అప్పటిదాకా చేసిన సర్వీసు పింఛను లెక్కలోంచి పోతుంది. అనుమతితో మరో ప్రభుత్వ ఉద్యోగంలో చేరడానికి చేసిన రాజీనామాకు మాత్రమే దీని నుంచి మినహాయింపు. విసిగిపోయి రాజీనామా కాగితం ఇచ్చేవారు ఈ ఒక్క నిబంధన వల్ల జీవితకాలపు ఆధారాన్ని పోగొట్టుకుంటారు.

పాత పింఛను లెక్క

పాత పింఛనులో లెక్క రెండు అంకెల మీద ఆధారపడి ఉంటుంది. ఒకటి చివరగా తీసుకున్న మూల వేతనం, రెండోది అర్హ సర్వీసు. సర్వీసును ఆరు నెలల భాగాలుగా లెక్కిస్తారు. 33 ఏళ్లకు 66 అర్ధ సంవత్సరాలు, గరిష్ఠ పరిమితి అదే. మూడు నెలలు, అంతకు మించిన తునక మిగిలితే దాన్ని ఒక పూర్తి అర్ధ సంవత్సరంగా తీసుకుంటారు. 33 ఏళ్లు నిండినవారికి చివరి మూల వేతనంలో సగం పింఛను వస్తుంది. అంతకన్నా తక్కువ సర్వీసు ఉంటే ఆ దామాషాలో తగ్గుతుంది. పదేళ్ల సర్వీసు కూడా లేనివారికి నెలవారీ పింఛను ఉండదు, ఒకేసారి సర్వీసు గ్రాట్యుటీ ఇస్తారు.

చివరి మూల వేతనం 80,000 రూపాయలున్న ఒక ఉద్యోగిని ఊహించుకుంటే లెక్క తేలిగ్గా అర్థమవుతుంది. 33 ఏళ్లు పూర్తయితే పింఛను 40,000 రూపాయలు. సర్వీసు 28 ఏళ్లే అయితే, వెయిటేజీ (అదనంగా కలిపే సర్వీసు) ఏదీ కలపకుండా చూస్తే, 80,000ను 56తో గుణించి 132తో భాగించాలి. అప్పుడు వచ్చేది సుమారు 33,939 రూపాయలు. ఐదేళ్ల సర్వీసు తేడాకు నెలకు ఆరు వేల రూపాయలకు పైగా తగ్గింది.

అందుకే అర్హ సర్వీసు కీలకం. వైద్య కారణాలు లేకుండా పెట్టిన జీతం లేని సెలవులు, అనుమతి లేని గైర్హాజరు, సస్పెన్షన్ కాలాన్ని డ్యూటీగా పరిగణించకపోవడం వంటివి ఇందులోంచి కోత పెడతాయి. కోత పడిన కాలాన్ని సక్రమం చేయించుకోవాలంటే సంబంధిత ఉత్తర్వులు సర్వీసు రిజిస్టర్‌లో ఎక్కాలి. విరమణ దగ్గరపడ్డాక ఇరవై ఏళ్ల కిందటి ఫైలు వెతకడం ఎవరికీ సాధ్యం కాదు.

పింఛను ఎంత తక్కువగా తేలినా ఒక కనీస మొత్తం తప్పనిసరి. ఇటీవలి వేతన సవరణల్లో ఆంధ్రప్రదేశ్ దీన్ని నెలకు 10,000 రూపాయలుగా, తెలంగాణ 9,500 రూపాయలుగా నిర్ణయించాయి.

ఒకేసారి చేతికందే సొమ్ము

సర్వీసులోని ప్రతి అర్ధ సంవత్సరానికి నెల వేతనంలో నాలుగో వంతు చొప్పున, గరిష్ఠంగా పదహారున్నర నెలల వేతనానికి సమానంగా లెక్కగట్టేది విరమణ గ్రాట్యుటీ. లెక్క ఎంత వచ్చినా పైపరిమితి దాటదు. తాజా వేతన సవరణలతో రెండు రాష్ట్రాలూ ఈ పరిమితిని 12 లక్షల నుంచి 16 లక్షల రూపాయలకు పెంచాయి. ఉద్యోగి ప్రభుత్వానికి బాకీ ఉన్న గృహ రుణం, అడ్వాన్సులు, పొరపాటున ఎక్కువ చెల్లించిన వేతనం లాంటివి మిగిలి ఉంటే సర్దుబాటు చేసేది దీని నుంచే.

కమ్యుటేషన్ అంటే నెలవారీ పింఛనులో కొంత భాగాన్ని వదులుకుని, బదులుగా ఒకేసారి సొమ్ము తీసుకోవడం. గరిష్ఠంగా 40 శాతం వరకు ఇలా మార్చుకోవచ్చు. పైన చెప్పిన 40,000 రూపాయల పింఛనులో 40 శాతం అంటే 16,000. దీన్ని 12తో, వయసును బట్టి పట్టికలో ఉన్న అంకెతో గుణిస్తారు. లెక్క కోసం ఆ అంకెను 8 అనుకుంటే 15,36,000 రూపాయలు చేతికొస్తాయి. ఆ తర్వాత నెలనెలా 24,000 రూపాయలే అందుతాయి. వదులుకున్న భాగం 15 ఏళ్ల తర్వాత తిరిగి పింఛనులో కలుస్తుంది.

ఆ 15 ఏళ్లలో పింఛను నుంచి కోసుకున్న మొత్తం 28,80,000 రూపాయలు. వడ్డీ రేట్లు ఎక్కువగా ఉన్న రోజుల్లో పెట్టిన ఈ గడువును తగ్గించాలని పింఛనుదారుల సంఘాలు అడుగుతున్నది ఈ లెక్క చూసే. మరోవైపు కమ్యుటేషన్ వల్ల కొన్ని రక్షణలూ ఉన్నాయి. కరవు ఉపశమనం (డీఆర్) లెక్కగట్టేది కోత పడకముందున్న పూర్తి పింఛను మీదే. గడువు మధ్యలో పింఛనుదారు మరణిస్తే మిగతా మొత్తాన్ని కుటుంబ పింఛను నుంచి వసూలు చేయరు. పిల్లల పెళ్లి, ఇల్లు, పాత అప్పు లాంటి నిజమైన అవసరం ఉన్నవారికి కమ్యుటేషన్ మేలు చేస్తుంది. అవసరమేమీ లేనివారు అందరూ తీసుకుంటున్నారు కదా అని సంతకం పెట్టకుండా తమ లెక్క తాము వేసుకోవడం మంచిది. విరమణ చేసిన ఏడాదిలోపు దరఖాస్తు చేస్తే వైద్య పరీక్ష అవసరం ఉండదు.

వాడుకోకుండా మిగిలిన సంపాదిత సెలవులకు గరిష్ఠంగా 300 రోజుల వరకు జీతం, కరవు భత్యం కలిపి నగదుగా ఇస్తారు. ఆఫీసుల్లో ఈఎల్స్ ఎన్‌క్యాష్‌మెంట్ అనేది దీన్నే. 80,000 మూల వేతనం ఉండి 300 రోజులూ నిల్వ ఉంటే కరవు భత్యం కాకుండానే ఇది 8 లక్షల రూపాయలు.

పాత పింఛను ఉన్నవారికి జనరల్ ప్రావిడెంట్ ఫండ్ కూడా ఉంటుంది. మూల వేతనంలో కనీసం 6 శాతం ఇందులో దాచుకోవాలి. ఎంత వడ్డీ ఇవ్వాలన్నది కేంద్రం ప్రకటించే రేటును అనుసరించి మారుతుంది. 2020 ఏప్రిల్‌లో 7.1 శాతానికి దిగిన ఆ రేటు ఆ తర్వాత ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయింది. విరమణకు నాలుగు నెలల ముందు చందా కోత ఆపేసి, ఖాతాను ముగింపు చెల్లింపు కోసం పంపుతారు. జీపీఎఫ్‌లో సాధారణంగా ఎదురయ్యే చిక్కు జమ కాని నెలలు. బదిలీలప్పుడు ఖాతా నంబరు తప్పుగా పడితే ఆ నెలల చందా వేరేచోట నిలిచిపోతుంది. ఏటా వచ్చే ఖాతా స్లిప్పును జీతం బిల్లులతో సరిచూసుకుంటే దాన్ని అప్పటికప్పుడే పట్టుకోవచ్చు.

పింఛను ఎలా పెరుగుతుంది

విరమణ నాటి అంకె దగ్గరే పింఛను ఆగిపోదు. ఉద్యోగులకు కరవు భత్యం (డీఏ) పెరిగినప్పుడల్లా పింఛనుదారులకు అదే శాతంలో కరవు ఉపశమనం, అంటే డీఆర్, పెరుగుతుంది. జనవరి, జూలై నెలల నుంచి లెక్కగట్టే ఈ పెంపును ప్రభుత్వాలు ఆలస్యంగా ప్రకటిస్తే బకాయిలు పేరుకుంటాయి. వేతన సవరణ సంఘం సిఫార్సులు అమలైనప్పుడు అప్పటిదాకా ఉన్న డీఆర్‌ను కలిపి, ఫిట్‌మెంట్ అనే పెంపు శాతాన్ని జోడించి పింఛనును కొత్తగా స్థిరీకరిస్తారు. తాజా సవరణలో తెలంగాణ 30 శాతం, ఆంధ్రప్రదేశ్ 23 శాతం ఫిట్‌మెంట్ ఇచ్చాయి.

వయసు మీదపడే కొద్దీ మందుల ఖర్చు, ఇతరుల సాయం పెరుగుతాయి. దీన్ని గుర్తించి అదనపు పింఛను ఇస్తారు. కేంద్రంలో ఇది 80 ఏళ్ల నుంచి మొదలైతే తెలుగు రాష్ట్రాల్లో 70 ఏళ్ల నుంచే మొదలవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఒక దశలో 70 ఏళ్లకు 10 శాతం, 75 ఏళ్లకు 15 శాతం ఉండేవి. 2022 సవరణలో ఇవి 7, 12 శాతాలకు తగ్గాయి. పుట్టిన తేదీ రుజువు రికార్డుల్లో సరిగా లేకపోతే ఈ పెంపు ఆగిపోతుంది. ముఖ్యంగా కుటుంబ పింఛను పొందే భార్య లేదా భర్త పుట్టిన తేదీని పింఛను కాగితాల్లోనే రాయించడం అవసరం.

కుటుంబ పింఛను

సర్వీసులో ఉండగా గానీ, విరమణ తర్వాత గానీ ఉద్యోగి మరణిస్తే కుటుంబ పింఛను మొదలవుతుంది. సాధారణ రేటు చివరి మూల వేతనంలో 30 శాతం. నిబంధనల్లో చెప్పిన గడువు వరకు 50 శాతం చొప్పున పెంచిన రేటు ఇచ్చి, ఆ తర్వాత సాధారణ రేటుకు మారుస్తారు. 80,000 వేతనం ఉదాహరణలో మొదట నెలకు 40,000, తర్వాత 24,000 రూపాయలు. వీటిపై డీఆర్ అదనం.

మొదటి అర్హత భార్య లేదా భర్తది. వారి తర్వాత 25 ఏళ్లలోపు, సంపాదన లేని పిల్లలకు వస్తుంది. సొంతంగా బతకలేని స్థాయి వైకల్యమున్న సంతానానికి జీవితాంతం ఇస్తారు. వితంతువులైన, విడాకులు తీసుకున్న కుమార్తెలకు షరతులకు లోబడి అర్హత ఉంటుంది. వైకల్యమున్న బిడ్డ ఉన్న తల్లిదండ్రులు తాము బతికి ఉండగానే వైద్య ధ్రువీకరణ చేయించి, ఆ బిడ్డ పేరు పింఛను ఉత్తర్వులో చేర్పించుకోవడం ఎంతో ముఖ్యం. తల్లిదండ్రులిద్దరూ పోయాక ఆ బిడ్డ తరఫున ఆఫీసుల చుట్టూ తిరిగేవారు దొరకడం కష్టం.

సర్వీసులో మరణించిన ఉద్యోగి కుటుంబానికి మరణ గ్రాట్యుటీ, సెలవుల జీతం, బీమా సొమ్ముతో పాటు ఒకరికి కారుణ్య నియామకం కోరే అవకాశం ఉంటుంది. ఈ దరఖాస్తును గడువులోపు ఇవ్వాలి. దుఃఖంలో ఉన్న కుటుంబానికి ఈ సంగతి చెప్పి కాగితాలు పెట్టించాల్సిన బాధ్యత ఆ కార్యాలయ అధిపతిదే.

2004 తర్వాత చేరినవారి సంగతి

సీపీఎస్‌లో నిర్ణయమై ఉన్నది చందా మాత్రమే. చేతికొచ్చే పింఛను ఎంతన్నది ముందుగా ఎవరూ చెప్పలేరు. మూల వేతనం, డీఏ కలిపిన మొత్తంలో 10 శాతాన్ని ఉద్యోగి జీతం నుంచి మినహాయిస్తారు. అంతే మొత్తాన్ని ప్రభుత్వం జతచేస్తుంది. కేంద్రం తన ఉద్యోగుల కోసం 2019 నుంచి తన వాటాను 14 శాతానికి పెంచింది. ప్రతి ఉద్యోగికి ప్రాన్ పేరుతో శాశ్వత ఖాతా సంఖ్య ఉంటుంది. ఆ ఖాతాలోని సొమ్మును పింఛను నిధి సంస్థలు బాండ్లలో, షేర్లలో పెట్టుబడి పెడతాయి. విరమణ నాటికి పోగైన నిధిలో 60 శాతం వరకు ఉద్యోగి తీసుకోవచ్చు. మిగతా 40 శాతంతో బీమా సంస్థ నుంచి యాన్యుటీ కొనాలి. ఆ యాన్యుటీ ఇచ్చే నెలసరి మొత్తమే పింఛను. దానికి డీఆర్ ఉండదు, వేతన సవరణతో పెరగదు.

ఇక్కడే ఉద్యోగుల ఆవేదన ఉంది. పాత పింఛను ధరలతో పాటు పెరుగుతుంది. యాన్యుటీ మాత్రం మొదటి నెల ఎంత వచ్చిందో ఇరవై ఏళ్ల తర్వాతా అంతే. మధ్యవయసులో ఉద్యోగం వచ్చినవారి ఖాతాలో నిధి పెరగడానికి వ్యవధే ఉండదు. రెండు రాష్ట్రాల్లోనూ సీపీఎస్ ఉద్యోగులు సెప్టెంబర్ 1ని విద్రోహ దినంగా పాటించడం వెనుక ఉన్నది ఈ భయమే. 2003 డీఎస్సీ (జిల్లా ఎంపిక కమిటీ) ద్వారా ఎంపికైన ఉపాధ్యాయులది మరింత ప్రత్యేకమైన కష్టం. నియామక ప్రకటన ముందే వచ్చినా, నియామకాలు 2004 సెప్టెంబర్ దాటాక జరగడంతో వారు సీపీఎస్‌లో పడ్డారు. 2003 డిసెంబర్ 22కు ముందు ప్రకటించిన పోస్టుల్లో చేరిన తన ఉద్యోగులకు పాత పింఛను ఎంచుకునే అవకాశాన్ని కేంద్రం 2023 మార్చిలో ఇవ్వడం వారి వాదనకు బలమిచ్చింది.

ప్రభుత్వాలు కొన్ని సవరణలు చేశాయి. మొదట్లో సీపీఎస్ ఉద్యోగులకు లేని గ్రాట్యుటీని తర్వాత వర్తింపజేశాయి. సర్వీసులో మరణించిన సీపీఎస్ ఉద్యోగి కుటుంబానికి కుటుంబ పింఛను ఇస్తూ తెలంగాణ 2021లో ఉత్తర్వులిచ్చింది. చివరి మూల వేతనంలో 50 శాతానికి హామీ ఇచ్చే పథకం కోసం ఆంధ్రప్రదేశ్ 2023లో చట్టం చేసింది. ఉద్యోగ సంఘాలు దాన్ని అంగీకరించలేదు, పాత పింఛనే కావాలన్నాయి. కేంద్రం 2025 ఏప్రిల్ 1 నుంచి తన ఉద్యోగులకు ఏకీకృత పింఛను పథకాన్ని తెచ్చింది. 25 ఏళ్ల సర్వీసుకు చివరి 12 నెలల సగటు మూల వేతనంలో సగం, కనీసం పదేళ్ల సర్వీసుకు నెలకు 10,000 రూపాయల హామీ అందులో ఉన్నాయి. రాజస్థాన్, హిమాచల్ ప్రదేశ్ లాంటి రాష్ట్రాలు నేరుగా పాత పింఛను వైపు మళ్లాయి. మార్కెట్‌కే వదిలేసిన పింఛను సరిపోదని ఈ సవరణలన్నీ ఒప్పుకుంటున్నట్టే.

ప్రభుత్వమే నడిపే జీవిత బీమా

రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల జీతం బిల్లులో కనిపించే ఏపీజీఎల్ఐ (ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ జీవిత బీమా) కోతకు వందేళ్లు దాటిన చరిత్ర ఉంది. నిజాం పాలనలోని హైదరాబాద్ రాజ్యంలో 1907లో ఉద్యోగుల కుటుంబాల కోసం ఏర్పడిన నిధి దీనికి మూలం. ఆంధ్రప్రదేశ్ అవతరణ తర్వాత అది రాష్ట్రమంతటికీ విస్తరించింది. విభజన తర్వాత తెలంగాణలో వేరే శాఖగా నడుస్తోంది.

ఇది తప్పనిసరి బీమా. ప్రీమియం వేతన శ్లాబును బట్టి ఉంటుంది, జీతంలోంచే పోతుంది. వేతనం పెరిగి ప్రీమియం పెరిగినప్పుడల్లా ఆ పెరిగిన మేరకు విడిగా మరో పాలసీ బాండు ఇస్తారు. అందుకే విరమణ నాటికి ఒకే ఉద్యోగి పేరున నాలుగైదు బాండ్లు ఉండటం మామూలే. ప్రతి వెయ్యి రూపాయల బీమా మొత్తానికి ఏడాదికి 100 రూపాయల చొప్పున కలిసే బోనస్ దీని పెద్ద ఆకర్షణ. గడువు తీరితే బీమా మొత్తం, బోనస్ కలిపి ఉద్యోగికి, ముందే మరణిస్తే నామినీకి చెల్లిస్తారు. అవసరానికి పాలసీ మీద రుణం తీసుకోవచ్చు.

ఈ బీమాలో చాలామంది దెబ్బతినేది ఒక్క కాగితం దగ్గర. జీతంలోంచి ప్రీమియం పోతున్నంత మాత్రాన బీమా పుట్టదు. మొదటి ప్రీమియం మినహాయించాక ప్రతిపాదన ఫారం నింపి, జీతం బిల్లు పెట్టే అధికారి (డీడీఓ) సంతకంతో బీమా కార్యాలయానికి పంపాలి. అక్కడ ఆమోదం పొంది బాండు జారీ అయితేనే రక్షణ. ఫారం పంపకుండా ఏళ్ల తరబడి ప్రీమియం పెంచుకుంటూ పోయినవారికి, లేదా వారి కుటుంబాలకు, చివరికి కట్టిన సొమ్ము వెనక్కి రావడమే మిగలొచ్చు. జీతం బిల్లులోని ప్రీమియం అంకె, చేతిలో ఉన్న బాండ్ల మీది ప్రీమియాల మొత్తం సమానంగా ఉన్నాయో లేదో చూసుకుంటే లోపం వెంటనే తెలుస్తుంది.

గ్రూప్ ఇన్సూరెన్స్

జీఐఎస్‌గా పిలిచే గ్రూప్ ఇన్సూరెన్స్ పథకం 1984 నవంబర్ 1న మొదలైంది. యూనిట్‌కు నెలకు 15 రూపాయలు చందా, యూనిట్‌కు 15,000 రూపాయల బీమా. ఉద్యోగి పోస్టు, వేతన స్కేలును బట్టి నాలుగు గ్రూపులున్నాయి. ఏ గ్రూపు వారు నెలకు 120, బీ గ్రూపు 60, సీ గ్రూపు 30, డీ గ్రూపు 15 రూపాయలు చెల్లిస్తారు. బీమా మొత్తాలు వరుసగా 1,20,000, 60,000, 30,000, 15,000 రూపాయలు. చందాలో కొంత బీమా నిధికి, మిగతాది పొదుపు నిధికి పోతుంది. విరమణ చేసినవారికి పొదుపు నిధి వడ్డీతో అందుతుంది. సర్వీసులో మరణిస్తే పొదుపుతో పాటు బీమా మొత్తం కూడా కుటుంబానికి ఇస్తారు.

ఒక కుటుంబ పెద్ద పోయినప్పుడు 30,000 రూపాయలు ఈ రోజుల్లో కొన్ని నెలల ఇంటి ఖర్చుకు కూడా చాలవు. వేతనాలు ఎన్నిసార్లు సవరించినా ఈ రేట్లు వాటితో సమానంగా పెరగలేదు. అందువల్ల ఏపీజీఎల్ఐ, జీఐఎస్ కలిసినా కుటుంబానికి పూర్తి రక్షణ అవుతాయని అనుకోవడం సరికాదు. వేతన ఖాతాలపై బ్యాంకులు ఇచ్చే ప్రమాద బీమా వివరాలు తెలుసుకోవడం, అవసరమైతే విడిగా టర్మ్ పాలసీ తీసుకోవడం, ముఖ్యంగా సీపీఎస్ ఉద్యోగులకు, అవసరమైన జాగ్రత్తలు.

ఆరోగ్య పథకం

ఉద్యోగులు, పింఛనుదారులు, వారిపై ఆధారపడినవారికి నగదు చెల్లించకుండా వైద్యం అందించే ఉద్యోగుల ఆరోగ్య పథకం ఉమ్మడి రాష్ట్రంలో 2013 డిసెంబర్‌లో మొదలైంది. విభజన తర్వాత రెండు రాష్ట్రాలూ తమ తమ రూపాల్లో దీన్ని నడుపుతున్నాయి. తెలంగాణ దీర్ఘకాలిక రోగాల మందుల కోసం వెల్‌నెస్ కేంద్రాలు తెరిచింది. నగదురహిత వైద్యం దొరకనప్పుడు 1972 నాటి సమగ్ర వైద్య నిబంధనల కింద ఖర్చు తిరిగి కోరే మెడికల్ రీయింబర్స్‌మెంట్ మార్గం ఉంది.

కాగితం మీద మంచి పథకమే అయినా, ప్యాకేజీ రేట్లు చాలవని, బిల్లులు సకాలంలో రావని ప్రైవేటు ఆసుపత్రులు వెనకాడటం పింఛనుదారులకు నిత్యం ఎదురయ్యే ఇబ్బంది. అత్యవసరంలో ఆసుపత్రి వెతుక్కోవడం కన్నా, తమ జిల్లాలో నిజంగా కార్డును అంగీకరిస్తున్న ఆసుపత్రులేవో ముందే తెలుసుకుని ఉంచుకోవడం మేలు.

ఆదాయపు పన్ను

ప్రభుత్వ ఉద్యోగికి వచ్చే విరమణ గ్రాట్యుటీ, కమ్యుటేషన్ సొమ్ము, విరమణ నాటి సెలవుల జీతం, జీపీఎఫ్ నిల్వ పన్ను పరిధిలోకి రావు. నెలవారీ పింఛనును మాత్రం జీతంగానే చూస్తారు, శ్లాబు ప్రకారం పన్ను పడుతుంది. కుటుంబ పింఛనును ఇతర ఆదాయంగా పరిగణించి, కొంత మినహాయింపు ఇస్తారు.

పింఛను కాగితాల ప్రయాణం

పింఛను ప్రతిపాదనల పని విరమణకు రెండేళ్ల ముందే మొదలు కావాలని నిబంధనలు చెబుతున్నాయి. మొదటి మెట్టు సర్వీసు రిజిస్టర్ పరిశీలన. ఏటా సర్వీసు ధ్రువీకరించినట్టు అధికారి సంతకం ఉందా, ఇంక్రిమెంట్లు, వేతన స్థిరీకరణలు సరిగా ఎక్కాయా, సెలవుల ఖాతా పూర్తయిందా అన్నవి పేజీపేజీకి చూస్తారు. కనీసం ఆరు నెలల ముందు దరఖాస్తు ఫారాలు, భార్యాభర్తల ఉమ్మడి ఫొటోలు, నమూనా సంతకాలు, శరీరంపై గుర్తింపు మచ్చల వివరాలు, కుటుంబ సభ్యుల జాబితా, బాకీలు లేవన్న ధ్రువపత్రం జతచేసి మంజూరు అధికారికి పంపాలి. ఉద్యోగి తరగతిని బట్టి అకౌంటెంట్ జనరల్ కార్యాలయమో, మరో నిర్ణీత అధికారో పరిశీలించి పింఛను, గ్రాట్యుటీ, కమ్యుటేషన్ ఉత్తర్వులు జారీ చేస్తారు. వాటిని ట్రెజరీకి చూపించి, అక్కడ గుర్తింపు పూర్తయ్యాక చెల్లింపు మొదలవుతుంది. పింఛను చెల్లింపు ఉత్తర్వు (పీపీవో) నంబరు పింఛనుదారుకు ఇక జీవితాంతం తోడుండే గుర్తింపు.

శాఖాపరమైన విచారణ గానీ, కోర్టు కేసు గానీ పెండింగులో ఉంటే తాత్కాలిక పింఛను మాత్రమే ఇచ్చి, గ్రాట్యుటీని తీర్పు దాకా ఆపుతారు. విరమణ తర్వాత కొత్తగా విచారణ మొదలుపెట్టాలంటే నాలుగేళ్లకు మించి పాతబడిన ఘటనపై కుదరదు. ఉత్తర్వులన్నీ సక్రమంగా ఉన్నా ఖజానా నుంచి సొమ్ము విడుదల కాక గ్రాట్యుటీ, సెలవుల జీతం కోసం నెలల తరబడి ఎదురుచూడటం ఇటీవలి ఏళ్లలో మామూలైంది. విరమణ వయసు పెంపు వల్ల కొంతకాలం వాయిదా పడిన చెల్లింపులు తర్వాత ఒక్కసారిగా వచ్చి పడటం ఇందుకు ఒక కారణం. వయసు పెంచిన రోజునే ఆ భారం ఏ ఏడాది వస్తుందో ప్రభుత్వాలకు తెలుసు. దానికి ముందే నిధి కేటాయించకపోవడాన్ని సమర్థించడం కష్టం.

పింఛను మొదలయ్యాక ఏటా ఒకసారి జీవన ధ్రువీకరణ ఇవ్వాలి. ట్రెజరీకి స్వయంగా వెళ్లే అవసరం లేకుండా 2014లో మొదలైన జీవన్ ప్రమాణ్ ద్వారా వేలిముద్ర లేదా ముఖ గుర్తింపుతో ఇంటి నుంచే ఇవ్వొచ్చు. గడువు దాటితే పింఛను ఆగుతుంది, ధ్రువీకరణ ఇచ్చాక బకాయితో సహా తిరిగి మొదలవుతుంది.

ఉద్యోగి చేయాల్సిన పని

పింఛను హక్కేనని న్యాయస్థానాలు తేల్చినా, ఆ హక్కు చేతికి అందేది కాగితాల ద్వారానే. గ్రాట్యుటీ, జీపీఎఫ్, ఏపీజీఎల్ఐ, జీఐఎస్, సీపీఎస్‌లలో దేనికదే వేరు నామినేషన్. ఒకదానిలో మార్చితే మిగతావాటిలో మారదు. పెళ్లికి ముందు తల్లిదండ్రుల పేరు ఇచ్చినవారు పెళ్లి తర్వాత, పిల్లలు పుట్టాక, కుటుంబంలో మరణమో విడాకులో జరిగాక ప్రతిదాన్నీ సరిచేయించి సర్వీసు రిజిస్టర్‌లో ఎక్కించాలి. ఏడాదికొకసారి రిజిస్టర్ చూడమని అడగడం, బీమా బాండ్లు, ప్రాన్ ఖాతా, జీపీఎఫ్ స్లిప్పుల నకళ్లు ఒకచోట ఉంచడం, వాటి సంగతి భార్యకో భర్తకో పిల్లలకో చెప్పి ఉంచడం సర్వీసులో ఉన్న ప్రతి ఉద్యోగీ చేయాలి. ఆ ఉద్యోగి లేని రోజున కార్యాలయం మెట్లెక్కాల్సింది వారే. ఏ కౌంటర్‌లో ఏం అడగాలో వారికి తెలియాలి. ఈ వారంలోనే నామినేషన్లు తీసి చూసుకునే ఉద్యోగి తన కుటుంబానికి చేసే మేలు చిన్నదేమీ కాదు.